బూజు గింజను కడిగి తినవచ్చునా?

అన్నం పరబ్రహ్మ స్వరూపం అన్నారు పెద్దలు. మెతుకు కిందపడితే కళ్లకద్దుకునే సంప్రదాయం మనది. అది మంచి అలవాటే. కాని ఆ అలవాటే ఒక్కొక్కసారి కీడు చేస్తుంది. వాన తగిలి బూజు పట్టిన వేరుసెనగ గింజలను పారేయడానికి మనసొప్పక, కడిగి, ఎండబెట్టి, వేయించి పచ్చడి నూరుతారు. ముక్కిపోయిన జొన్నలను చెరిగి పిండి పట్టిస్తారు. "అంత వేయించాక ఇంకా ఏం విషం ఉంటుంది డాక్టరుగారూ?" అని ఆస్పత్రిలో చాలామంది అడుగుతూ ఉంటారు. ఉంటుంది. ఎందుకు ఉంటుందో తెలుసుకోవడం మంచిది.

బూజులో ఏముంది?

గింజలపై పెరిగే బూజులలో ఆస్పర్జిల్లస్ ఫ్లేవస్ అనేది ఒకటి. పసుపు కలిసిన ఆకుపచ్చ రంగులో ఉంటుంది. వేడీ తేమా కలిసినచోట బాగా పెరుగుతుంది. ఇది అఫ్లటాక్సిన్ అనే విషాన్ని తయారుచేస్తుంది. 1960లో ఇంగ్లండులో లక్ష దాకా టర్కీ కోళ్లు ఒక్కసారిగా చచ్చిపోయాయి. కారణం వెతికితే వాటి మేతలో కలిపిన వేరుసెనగ పిండిలో ఈ విషం బయటపడింది.

బూజును తుడిచేయవచ్చు, కడిగేయవచ్చు. కాని విషం గింజ లోపలికి దిగి ఉంటుంది. నీటికి పోదు. మనం వండే వేడికి కొంత తగ్గినా పూర్తిగా నశించదు. గానుగలో తీసి శుద్ధిచేయని నూనెలోకి కూడా కొంత వస్తుంది. బూజుపట్టిన చెక్కను గేదెకు పెడితే పాలలోకి వస్తుంది. ఆ పాలు తాగేది మన పిల్లలే.

ఈ విషం ముఖ్యంగా కాలేయాన్ని దెబ్బతీస్తుంది. ఎక్కువ మోతాదులో తింటే కొద్ది వారాలలోనే కామెర్లు, పొట్టలో నీరు చేరడం కనిపిస్తాయి. కొద్దికొద్దిగా ఏళ్ల తరబడి తింటే కాలేయ క్యాన్సరుకు దారితీయవచ్చు. హెపటైటిస్ బి సోకినవారికి ఈ ప్రమాదం ఎన్నో రెట్లు ఎక్కువ. అందుకే పుట్టిన బిడ్డకు ఆ టీకా మొదటి రోజే వేయించాలి.

1974లో జరిగినది

ఇది భయపెట్టడానికి చెబుతున్న మాట కాదు. 1974 చివరలో రాజస్థాన్, గుజరాత్ సరిహద్దు జిల్లాలలోని గిరిజన గ్రామాలలో కామెర్లు ప్రబలాయి. 397 మందికి జబ్బు చేసింది, 106 మంది చనిపోయారు. మన హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ డాక్టర్లు వెళ్లి పరిశోధించారు. కోతకు ముందు అకాల వర్షాలు పడి మొక్కజొన్న కండెలు తడిసి బూజు పట్టాయి. కిలో గింజలలో 6 నుంచి 15 మిల్లీగ్రాముల దాకా విషం తేలింది. ఇప్పుడు మన దేశంలో తృణధాన్యాలకు చట్టం అనుమతించే పరిమితి కిలోకు 15 మైక్రోగ్రాములు. అంటే ఆ జనం తిన్నది ఈ పరిమితికి నాలుగు వందల రెట్లకు పైమాటే. అదే తిండి తిన్న పెంపుడు కుక్కలు కూడా చచ్చిపోయాయి.

ఆ ప్రజలకు గింజ బాగాలేదని కళ్లకు కనిపించలేదా? కనిపించింది. అది తప్ప ఇంట్లో మరో గింజ లేదు.

ప్రభుత్వం లెక్క, డాక్టరు లెక్క

గింజ వృథా కాకూడదని ప్రభుత్వాలు చాలాకాలంగా పాటుపడుతున్నాయి. గిడ్డంగుల కోసం 1956లో చట్టం వచ్చింది. 1965లో భారత ఆహార సంస్థ ఏర్పడింది. ఆ దశకంలోనే మొదలైన ధాన్య సంరక్షణ ఉద్యమం రైతు ఇళ్లలో రేకు డబ్బాల వాడకాన్ని ప్రోత్సహించింది. అయినా కోత నుంచి అమ్మకం దాకా తృణధాన్యాలలో నూటికి 5 నుంచి 6 పాళ్లు, పప్పులలో 6 నుంచి 8 పాళ్లు పోతున్నాయని లూధియానాలోని కేంద్ర పరిశోధన సంస్థ 2015లో అంచనా వేసింది. పండ్లు, కూరగాయలు, పాలు, మాంసం అన్నీ కలిపితే ఏటా నష్టం 92,651 కోట్ల రూపాయలన్నది. సహకార సంఘాల దగ్గరే గిడ్డంగులు కట్టే పెద్ద పథకాన్ని కేంద్ర మంత్రివర్గం 2023 మే 31న ఆమోదించింది.

ఇవన్నీ అవసరమే. కాని ఈ లెక్కలో ప్రధానంగా ఉండేది తూకం, ధర. పాడైన గింజ చాలాసార్లు పారేయబడదు. మంచిది ఏరి మంచి ధరకు అమ్మగా మిగిలిన పుచ్చులు, ముడుచుకుపోయిన గింజలు చౌకగా అమ్ముడుపోతాయి. చౌకగా కొనేది పేదవాడు. అందుకే ఊరికి దగ్గరలో ఆరబెట్టే వసతి, గిడ్డంగి, గింజను పరీక్షించే ఏర్పాటు ఉండడం నా దృష్టిలో రైతు ధర సమస్య మాత్రమే కాదు, ఆరోగ్య సమస్య. మీ గ్రామంలో, మీ సొసైటీలో వీటిని గట్టిగా అడగండి.

మీరు చేయవలసినవి

1. వేరుసెనగ పీకిన వెంటనే బాగా ఆరబెట్టండి. కాయను చెవి దగ్గర ఊపితే లోపల గింజ గలగలలాడాలి. తేమ నూటికి 8 పాళ్లకు మించకుండా ఉంటే క్షేమం.

2. కాయ ఒలిచే ముందు నీళ్లు చల్లకండి. గింజ చిట్లదని చేసే ఈ పని బూజును పిలిచి పీట వేసినట్లే.

3. వడ్లు కుప్పగా పోసి ఉంచకండి. 17 పాళ్ల తేమ దాకా ప్రభుత్వం కొంటుంది. కాని ఇంట్లో నెలల తరబడి నిలవ ఉంచాలంటే 14 పాళ్లకు దిగాలి.

4. బస్తాలను నేలమీద గాని, గోడకు ఆనించి గాని పెట్టకండి. కింద చెక్కలు వేయండి. తడి తగిలిన బస్తాను వేరుచేయండి.

5. రంగు మారినవి, ముడుచుకున్నవి, చేదుగా ఉన్నవి ఏరి పారేయండి. పశువులకూ కోళ్లకూ పెట్టకండి.

6. బజారులో వేరుసెనగ పొడి, ఉండలు మరీ చౌకగా వస్తున్నాయంటే ఎందుకో ఆలోచించండి. గింజలు చూసి కొనుక్కుని ఇంట్లో చేసుకోవడం మేలు.

విందులో మిగిలినది

పెళ్లి విందులో మిగిలిన అన్నం అనాథాశ్రమానికి పంపడం పుణ్యకార్యమే. 2019లో కేంద్ర ఆహార భద్రతా సంస్థ దీనికి నిబంధనలు కూడా చేసింది. అయితే విస్తళ్లలో మిగిలినది కాదు, వడ్డించనిది మాత్రమే పంపాలి. వేడి పదార్థం 60 డిగ్రీలకు పైన, చల్లనిది 5 డిగ్రీలకు లోపల ఉండాలి. మధ్యాహ్నం వండి గంగాళంలో వదిలేసిన పులిహోరను రాత్రికి పంపితే వాంతులు, విరేచనాలు పంపినట్లవుతుంది. అన్నిటికన్నా మంచి మార్గం ముందే లెక్క చూసుకుని వండడం. ఇంట్లో కూడా అంతే.

ఒకే ఇంట్లో ఇద్దరు ముగ్గురికి ఒక్కసారిగా కామెర్లు వస్తే పసరు మందులతో కాలం గడపకండి. వెంటనే ప్రభుత్వాస్పత్రికి తీసుకువెళ్లండి. ఏ గింజ తిన్నారో చెప్పండి. వీలైతే గుప్పెడు గింజలు పొట్లం కట్టి వెంట తీసుకురండి. ఊళ్లో మిగతావారిని కాపాడడానికి ఆ పొట్లం ఉపయోగపడవచ్చు.