బాల్చీ, తువ్వాలు, పాదిరీ

పినాంగ్ దీవిలోని జార్జ్ టౌన్‌లో అజంప్షన్ చర్చి అని ఒక పాత కాథలిక్ గుడి ఉంది. ఇప్పటి కట్టడం 1861 నాటిది. సంఘం మాత్రం ఊరంత పాతది. 1786లో ఇంగ్లీషువాళ్ళు దీవిలో దిగగానే కెడా నుంచి తరలివచ్చిన యురేషియన్ కుటుంబాలతో మొదలైంది. వాళ్ళను నడిపించిన బిషప్ గార్నో ఫ్రెంచివాడు. వాళ్ళ మూలాలు పోర్చుగీసువి.

ఆ కాలంలో మన వైపు రేవుల్లో దిగిన పాదిరీలకు కూడా ముందు అక్కరకొచ్చింది పోర్చుగీసే. 1706 జూలైలో తరంగంబాడి చేరిన జర్మన్లు జీగెన్‌బాల్గ్, ప్లూట్‌షౌ తొలి వారాల్లో దానితోనే కుస్తీపట్టారు. దొరల ఇళ్ళలో, దుబాసీల దగ్గర అది చెల్లింది. ఊళ్ళోకి వెళితే చెల్లలేదు. అప్పుడు జీగెన్‌బాల్గ్ బడిపిల్లల పక్కన కూర్చుని ఇసుకలో తమిళ అక్షరాలు దిద్దాడు. పోర్చుగీసు పని ప్లూట్‌షౌ వంతుకొచ్చింది.

చరిత్ర తమిళం నేర్చినవాణ్ణే తలుచుకుంటుంది. నాకది కొంచెం అన్యాయమనిపిస్తుంది. 1707లో ఆ మిషన్‌లో మొదట బాప్తిస్మం పొందినవాళ్ళు డేనిష్ దొరల ఇళ్ళలోని బానిసలు, అయిదుగురు. వాళ్ళతో మాట్లాడటానికి పనికొచ్చింది ఆ రేవు పోర్చుగీసే.

ఆ భాష సామాన్లు ఇంకా రెండు తీరాల్లోనూ ఉన్నాయి. జార్జ్ టౌన్ బజారులో మన తువ్వాలు 'తువాలా', బాల్చీ 'బాల్దీ', అల్మరా 'అల్మారి'. దొమింగో అరిగి అరిగి 'మింగు' అయింది, అంటే ఆదివారం. చర్చి 'గెరెజా'. పాదిరీ ఇంచుమించు మనకు లాగే, 'పాద్రి'.