కచేరీ భవనములకు మరమ్మతు – పైప్ ఆర్గన్ సంరక్షణ

ఆత్మకూర్ వంటి ఊళ్ళలో భజనలు వినువారికి హార్మోనియం పరిచితమే. భవనమునకు సున్నము వేయునపుడు దానిని ఎత్తి పక్క ఇంట నుంచవచ్చును. కాని పాశ్చాత్య దేశముల కచేరీ భవనములందలి పైప్ ఆర్గన్ గోడలతోపాటు నిలిచిన వాద్యము. వేలకొలది గొట్టములు గల దీనిని, భవనము మరమ్మతు చేయునపుడు ఎట్లు కాపాడవలెను?

ముందుగా అది పలుకు తీరు గమనింతము. గొట్టములు రెండు విధములు. మొదటివి పిల్లనగ్రోవి వంటివి. సన్నని చీలికగుండా వచ్చు గాలి అంచుకు తగిలి, లోపలి గాలిస్తంభమును కంపింపజేయును. రెండు కొనలు తెరచియున్న గొట్టములో తరంగదైర్ఘ్యము పొడవునకు రెట్టింపు. ఈ లెక్కన 8 అడుగుల గొట్టము సెకనుకు 70 కంపనములు ఈయవలెను. కాని కొనల వెలుపలి గాలియు కొంత కంపించుటచే, నిజమునకు సుమారు 65 మాత్రమే వచ్చును. రెండవ రకములో లోహపు నాలుక కంపించును.

ఉష్ణోగ్రత 20 డిగ్రీల సెంటీగ్రేడు నుండి 30కి పెరిగినచో గాలిలో ధ్వనివేగము సెకనుకు 343 మీటర్ల నుండి 349కి హెచ్చును. అపుడు 440 కంపనముల మొదటి రకపు గొట్టము సుమారు 448 పలుకును. నాలుక గొట్టము అంతగా మారదు. కనుక రెండింటికి శ్రుతి కుదరదు.

మరమ్మతులలో దుమ్ము మరియొక శత్రువు. నాలుక క్రింద ఒక రేణువు చేరిన చాలు, గొట్టము మూగపోవచ్చును. తేమ తగ్గినచో కొయ్యతో చేసిన గాలిపెట్టెలు బీటలు వారును, తిత్తుల తోలు ఎండిపోవును. తగరము, సీసము కలిపి చేసిన గొట్టములు మెత్తనివగుటచే చిన్న దెబ్బకే సొట్టపడును. అందుచే చిన్న పనులకు వాద్యమును ఉన్నచోటనే దుమ్ము చొరకుండ కప్పుదురు. పెద్ద పనులకు విప్పి, గుర్తులు వేసి, వేరొకచోట భద్రపరచుదురు.

లండనులోని రాయల్ ఫెస్టివల్ హాల్ ఇందుకు మంచి నిదర్శనము. రాల్ఫ్ డౌన్స్ రూపకల్పనతో హారిసన్ అండ్ హారిసన్ సంస్థ నిర్మించిన 7,866 గొట్టముల ఆర్గన్ అచట 1954లో ప్రారంభమైనది. 2005లో భవనపు మరమ్మతుకై దానిని విప్పిరి. 2007లో హాలు తెరచునాటికి మూడింట ఒక వంతు మాత్రమే తిరిగి అమర్చబడినది. మిగిలిన దానికి విరాళములు సేకరింపవలసివచ్చెను. పూర్తి వాద్యము 2014 మార్చిలో మరల మ్రోగినది.

గొట్టములు బిగించుటతో పని ముగియదు. గోడలు, కప్పు మారినపుడు శబ్దము హాలులో నిలుచు కాలమును మారును. కనుక ప్రతి గొట్టమును కొత్త హాలులోనే విని సరిదిద్దవలెను. ఈ శ్రమకు కావలసిన కాలమును, ధనమును భవనపు అంచనాలోనే చేర్చుట వివేకము. లేనిచో గోడలు పూర్తియైనను వాద్యము మూగగనే యుండును.