పత్మాసు ద్వీపము చూడగోరితే



చిత్తూరులోని మన సంఘ దంపతులు ఒకరు వేసవికి ముందు మా యొద్దకు వచ్చారు. వారి వివాహమై ఇరవై ఐదు సంవత్సరములు నిండుచున్నవి. "అయ్యగారూ, ఈ సెలవుల్లో పత్మాసు ద్వీపానికి పోయి రావాలని ఉంది. ఇంటి కాగితాలు కుదువబెట్టి అప్పు తెస్తాము. మీరు ప్రార్థన చేయండి" అన్నారు. కోరిక విని సంతోషించాము. అప్పు మాట విని కలవరపడ్డాము. ఆ సాయంత్రమే వారితో కూర్చుండి ప్రయాణ సంగతులన్నీ వ్రాసి చూచాము. మీలోనూ ఇట్టి ఆశగలవారు ఉందురు గనుక వాటిని తెలుపుచున్నాము.

పత్మాసు ఏజియన్ సముద్రములో గ్రీసు దేశమునకు చెందిన చిన్న ద్వీపము. విస్తీర్ణము సుమారు 34 చదరపు కిలోమీటర్లే. యోహాను సువార్త నిమిత్తము అక్కడ ఉండి దర్శనములు చూచిన సంగతి ప్రకటన 1:9 మొదలుకొని చదువుచున్నాము. రేవు పేరు స్కాలా. కొండమీది ఊరు ఖోరా. ఆ రెంటికి నడుమ, యోహాను దర్శనములు చూచిన చోటని చెప్పే గుహ ఉన్నది. కొండమీది మఠమును 1088లో క్రిస్టోడూలోస్ అను సన్యాసి స్థాపించెను. 1999లో యునెస్కో వీటిని ప్రపంచ వారసత్వ స్థలముగా గుర్తించినది.

ఆ ద్వీపములో విమానాశ్రయము లేదు. మనవారు చెన్నై చేరి, విమానము మారుచు ఏథెన్సుకు పోవలెను. అక్కడి పిరయస్ రేవునుండి ఓడలో సుమారు ఎనిమిది గంటల ప్రయాణము. గాలి బలముగా వీచితే ఓడ ఆగిపోవచ్చును గనుక తిరుగు విమానమునకు ముందు ఒక దినమైనను చేతిలో ఉంచుకొనవలెను. జూలై, ఆగస్టులలో రద్దీ, ధరలు ఎక్కువ. మే, సెప్టెంబరు నెలలు అనుకూలము.

షెంజెన్ వీసాకు ప్రయాణమునకు ఆరు నెలల ముందునుండి దరఖాస్తు చేయవచ్చును. 15 దినములకంటె ఆలస్యము కారాదు. 30,000 యూరోలకు తక్కువ కాని వైద్య బీమా తప్పనిసరి. మఠములో భుజములు, మోకాళ్లు కప్పుకొనవలెను. చీర కట్టుకొను మన స్త్రీలకు ఆ చింత లేదు. గుహకు మెట్లు దిగవలెను గనుక మోకాళ్ల నొప్పిగలవారు ముందే ఆలోచించుకొనుడి.

ఇవన్నీ వ్రాసిన తరువాత ఆ ఇంటి పెద్దావిడను గూర్చి అడిగాము. ఆమెకు మోకాళ్ల నొప్పులు. "అమ్మను ఎవరు చూచుకొందురు?" అనగా భర్త తల వంచుకొన్నాడు. భార్య మెల్లగా, "ఆ మాట మేమిద్దరమూ అనుకోలేదండీ" అన్నది.

ప్రియులారా, యోహాను పత్మాసునకు విహారమునకు పోలేదు. ఆ గుహను చూచినవారికి ఎక్కువ రక్షణ, చూడనివారికి తక్కువ రక్షణ అనునది లేదు. చూడగోరుట తప్పు కాదు. ఇల్లు కుదువబెట్టి, తల్లిని ఒంటరిగా విడిచి చూడగోరుట మాత్రము తగదు.

వారు అప్పు మానుకొన్నారు. నెలనెలా కొంత దాచి, తల్లికి తోడుగా చెల్లెలిని ఒప్పించి, రెండేండ్ల తరువాత పోవుటకు తీర్మానించుకొన్నారు. ఈ మే నెలలో తల్లిని వెంటబెట్టుకొని మదనపల్లె దగ్గరి హార్స్‌లీ కొండకు పోయి మూడు దినములు ఉన్నారు. ప్రతి ఉదయము ఏడు సంఘములకు వ్రాసిన పత్రికలను చదువుకొన్నారట. తిరిగి వచ్చి పెద్దావిడ మాతో, "ఆ యోహానయ్యకు ఇంత చల్లగాలి దొరికిందో లేదో అయ్యగారూ!" అని నవ్వింది.

మీరును ప్రయాణమునకు ముందు ఖర్చు లెక్కించుడి. ఇంటివారందరితో కూడి ప్రార్థించుడి. ప్రభువు మీ రాకపోకలయందు కాపాడును గాక. ఆమేన్.