ఎవరి నైవేద్యం ఎవరికి మైల?

ఏనుగు ఐశ్వర్యానికి ప్రతీక, పాము కామానికి, చేప సంతానానికి. ఇలా పట్టిక వేసి అర్థాలు చెప్పడం మన విమర్శకు అలవాటైపోయింది. విద్యార్థులు ఆ పట్టికను వల్లెవేస్తారు, కవులు అందులోంచి ఏరుకుంటారు. కానీ ప్రతీక నిఘంటువులో పుట్టదు. తిండి కోసం మనుషులు పడే పాటులోనూ, ఒకరి తిండిని మరొకరు చూసే చూపులోనూ పుడుతుంది. దీనికి నిదర్శనం మాకు దగ్గర్లోనే ఉంది.

వాకాడు మీదుగా వచ్చి మా తీరాన సముద్రంలో కలిసే స్వర్ణముఖి, అంతకు ముందు శ్రీకాళహస్తిని ఒరుసుకుని పారుతుంది. అక్కడి కలంకారీ పనివాళ్లు గుడ్డ మీద వేసే కథల్లో ఆ ఊరి స్థలపురాణం ఒకటి. ఊరి పేరులోనే మూడు జీవులున్నాయి. శ్రీ అంటే సాలెపురుగు, కాళం పాము, హస్తి ఏనుగు. 16వ శతాబ్దంలో ధూర్జటి ‘శ్రీకాళహస్తీశ్వర మాహాత్మ్యం’లో చెప్పినవీ ఈ కథలే. సాలెపురుగు తన ఒంట్లోంచి తీసిన దారంతో శివుడికి గుడి అల్లింది. పాము మణులు తెచ్చి పెట్టింది. ఏనుగు వాటిని తోసేసి, నీళ్లతో కడిగి, మారేడాకులు పెట్టింది. పాము కంటికి ఆకులు చెత్త, ఏనుగు కంటికి మణులు చెత్త. చివరికి రెండూ పోరాడి చచ్చాయి.

ఇవి భక్తికి ప్రతీకలని చెప్పి ఊరుకుంటే సగమే చెప్పినట్టు. భక్తి రెండింటికీ ఉంది. తగాదా వచ్చింది నైవేద్యం దగ్గర. ఈ స్థలపురాణంలోనే తిన్నడూ ఉన్నాడు. బోయవాడు. వేటాడి తెచ్చిన మాంసాన్ని కాల్చి, రుచి చూసి, మంచి ముక్కలు ఏరి శివుడికి పెట్టాడు. అర్చకుడికి అది మైల, శివుడికి కాదు. ఏనుగూ పామూ పడిన తగాదానే ఇక్కడ మనుషుల మధ్య కులం రూపంలో నిలబడింది.

ఒకసారి తరగతిలో ఈ బొమ్మ చూపిస్తే, పట్టపుపాళెం నుంచి వచ్చే పిల్లవాడొకడు లేచి, “సార్, మేం ఎండుచేపలు పెడితే తింటాడా?” అని అడిగాడు. తరగతి గొల్లుమంది. నవ్విన వాళ్లలో రోజూ వాడు క్యారియర్ తెరిస్తే ముక్కు మూసుకునేవాళ్లూ ఉన్నారు. బొమ్మలోని మాంసానికి దండం పెట్టే సంస్కృతి పక్క బల్ల మీది చేపను సహించదు. కారణం కథలోనే ఉంది. తిన్నడికి గౌరవం దక్కింది కన్ను పెరికి ఇచ్చాకనే. అతణ్ణి కన్నప్పగా, ఒక మినహాయింపుగా పూజించి, నియమాన్ని మాత్రం చెక్కుచెదరకుండా కాపాడుకున్నారు.

ఇక ఆ గుడ్డ తయారయ్యే తీరు చూడండి. నేత గుడ్డను కరక్కాయ పొడి కలిపిన బర్రెపాలలో నానబెడతారు. పాలలోని కొవ్వు రంగును పాకనివ్వదు. కరక్కాయలోని వగరు ఇనుముతో కలిసి నలుపు తేలుతుంది. ఆ నలుపు కోసం ఇనుపముక్కల్ని బెల్లం నీళ్లలో రోజుల తరబడి పులియబెడతారు. గీత గీసేది చింతబొగ్గుతో. గుడ్డను తెల్లబరచడానికి పేడ కావాలి. దేవుడి బొమ్మకు పాలెంత అవసరమో పేడా అంతే అవసరం. మైల లెక్క పనివాడి చేతిలో చెల్లదు.

ఈ చూపు మన ఒక్కరి సొత్తు కాదు. జపాను చిత్రకారుడు ఇతో జకుచూ (1716–1800) క్యోటోలో నిషికి అంగడివీధికి చెందిన కూరగాయల టోకు వ్యాపారి ఇంట పుట్టాడు. బుద్ధుడి నిర్యాణ చిత్రాల్లో పడుకున్న బుద్ధుడి చుట్టూ శిష్యులతో పాటు జంతువులూ ఏడుస్తుంటాయి. జకుచూ వేసిన నిర్యాణంలో పడుకున్నది ముల్లంగి, చుట్టూ చేరినవి గుమ్మడి, వంకాయ, పుట్టగొడుగుల వంటివి. అది వేళాకోళమా, భక్తా అని వాదించుకోవచ్చు. అంగడిలో పెరిగినవాడికి ముల్లంగి నీచం కాదన్నది మాత్రం స్పష్టం. అదే జపానులో ‘తాయ్’ అనే చేప శుభసూచకం. శుభప్రదం అనే అర్థమున్న ‘మెదెతాయ్’ మాటలో ఆ చేప పేరు వినిపిస్తుంది. ఆ శ్లేష వాళ్ల భాషది. దాన్ని మనం అరువు తెచ్చుకుంటే మిగిలేది వట్టి చేపే.

కనుక కొత్తగా రాస్తున్న మిత్రులకు నేను చెప్పేది ఇంతే. ఒక జంతువునో ఒక ముద్దనో ప్రతీక చేసే ముందు, అది ఎవరి తిండి, ఎవరి శ్రమతో వచ్చింది, ఎవరు దాన్ని మైల అంటున్నారు అని అడగండి. ఆ ప్రశ్నలు లేని ప్రతీక ఎంత అందంగా ఉన్నా గోడకు తగిలించిన గుడ్డతో సమానం. మా పిల్లవాడి ఎండుచేప మన సాహిత్యంలోకి ప్రతీకగా రాకముందు తిండిగా రావాలి.