కమిటీ బల్ల దగ్గర సిస్టరమ్మకు కుర్చీ

మన పల్లెల్లో నడిరాత్రి బిడ్డకు ఫిట్స్ వస్తే తల్లి ఎవరి తలుపు తడుతుంది? సిస్టరమ్మ తలుపే. కోడలికి నొప్పులు మొదలైతే, పొలంలో పామును తొక్కితే, ముసలాయనకు ఆయాసం ఎక్కువైతే ముందు ఆమెకే కబురు వెళుతుంది. అలాంటి ఆమెను ఊరి కమిటీలోగాని, ఆసుపత్రి కమిటీలోగాని, చివరికి మన సంఘ కమిటీలోగాని కూర్చోబెట్టి, "ఏం చేద్దామమ్మా?" అని అడిగినవారు ఎందరు?

కొన్నేళ్ళ క్రితం ఒక చిన్న ఆసుపత్రి కమిటీలో నేను సభ్యుడిగా ఉన్నాను. మాలో పాస్టరుగారు, డాక్టరుగారు, ఇద్దరు రిటైర్డు ఉపాధ్యాయులు, ఒక వ్యాపారి ఉండేవారు. వార్షికోత్సవం దగ్గర పడింది. ముఖద్వారానికి ఆర్చి కట్టించాలా, గోడలకు రంగులు వేయించాలా అని గంటన్నర వాదించుకున్నాం. దుప్పట్ల లెక్క చెప్పడానికి పెద్ద సిస్టరమ్మను లోపలికి పిలిచారు. ఆమె లెక్క చెప్పి, వెళ్ళబోతూ గుమ్మం దగ్గర ఆగింది. "అయ్యా, ఒక్క మాట. కాన్పుల గదిలో రాత్రిపూట కుళాయి రాదు. బావి నుండి బకెట్లతో మోసుకొస్తున్నాం. చేతులు సరిగా కడుక్కోవడానికైనా నీళ్ళు చాలడం లేదు" అంది.

గదిలో ఎవరూ మాట్లాడలేదు. రెండేళ్ళుగా ఆ కమిటీలో ఉన్నాం. మాలో ఒక్కరికీ ఆ సంగతి తెలియదు. పగలు వచ్చి పగలే వెళ్ళిపోయేవాళ్ళం, రాత్రి కుళాయి మాకెలా తెలుస్తుంది? ఆ సంవత్సరం ఆర్చి ఆగింది, నీళ్ళ పైపు వచ్చింది. కాని దుప్పట్ల లెక్క కోసం ఆమెను పిలవకపోయి ఉంటే ఏమయ్యేది అన్న ప్రశ్న నన్ను ఇంకా వదలలేదు.

కుర్చీ లేని నాయకురాలు

నర్సుల పేరెత్తితే ఫ్లారెన్స్ నైటింగేల్ గుర్తుకొస్తుంది. చేతిలో దీపం పట్టుకున్న ఆమె బొమ్మను మనం బడి పుస్తకాల్లో చూశాం. ఆ దీపం వెనుక ఉన్న లెక్కల పుస్తకం గురించి మాత్రం మనకు అంతగా చెప్పలేదు.

1854లో క్రిమియా యుద్ధంలో గాయపడిన సైనికులకు సేవ చేయడానికి ఆమె టర్కీలోని స్కుటారి ఆసుపత్రికి వెళ్ళింది. అక్కడ గాయాలతో చనిపోయేవారికంటే విష జ్వరాలతో, విరేచనాలతో చనిపోయేవారే ఎక్కువ. 1855 తొలి నెలల్లో మరణాలు భయంకరంగా ఉన్నాయి. ఆ వసంతకాలంలో మురుగు కాలువలు బాగుచేయించి, గాలి వెలుతురు వచ్చేలా చేశాక మరణాలు బాగా తగ్గిపోయాయి. ఈ సంగతిని ఆమె ఊరకే చెప్పలేదు, అంకెలతో, పటాలతో రుజువు చేసింది. 1858లో లండన్ గణాంక శాస్త్ర సంఘం ఆమెను సభ్యురాలిగా చేర్చుకుంది. ఆ సంఘంలో చేరిన మొదటి స్త్రీ ఆమే.

ఇంత చేసినా, 1857లో సైన్యం ఆరోగ్యంపై ప్రభుత్వం వేసిన రాయల్ కమిషన్‌లో ఆమెకు కుర్చీ లేదు. ఆనాడు స్త్రీకి అలాంటి చోటు ఇచ్చేవారు కాదు. ఆమె ఇంట్లో కూర్చుని వివరాలు సేకరించి, అంకెలు కూర్చి, సభ్యుల చేతికి అందించింది. ఆ తరువాత మన దేశంలోని సైన్యం ఆరోగ్యంపై వేసిన కమిషన్ విషయంలోనూ అలాగే పనిచేసింది. దాని నివేదిక 1863లో వెలువడింది. ఆమె మన దేశంలో అడుగుపెట్టకుండానే ఇక్కడి మంచినీళ్ళ గురించి, మురుగు గురించి, కరవుల గురించి ఎన్నో ఏళ్ళు వ్రాస్తూ వచ్చింది.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, నర్సు పని మంచం దగ్గరే ముగియదు. మంచం దగ్గర చూసినదాన్ని నిర్ణయాలు చేసేవారి ముందుకు తీసుకువెళ్ళడం కూడా ఆ పరిచర్యలో భాగమే.

మన బిడ్డలు వేసిన బాట

తెలుగు దేశంలో ఈ పరిచర్యకు మన సంఘాలతో దగ్గరి సంబంధం ఉంది. 1883లో గుంటూరు వచ్చిన డాక్టర్ ఆన్నా కుగ్లర్ అమ్మగారు 1898లో అక్కడ ఆసుపత్రి తెరిచారు. అలాంటి మిషను ఆసుపత్రులు ఎన్నో వెలిశాయి. పరాయి మనుషుల గాయాలు కడగడం, రాత్రి డ్యూటీలు చేయడం ఆడపిల్లలకు తగదని లోకం అన్న రోజుల్లో, మన కుటుంబాలు తమ బిడ్డలను ఆ శిక్షణకు పంపాయి. ఎగతాళి పడ్డాయి, మాటలు పడ్డాయి. అయినా ఆ అమ్మాయిల జీతంతో తమ్ముళ్ళు చదువుకున్నారు, చెల్లెళ్ళ పెళ్ళిళ్ళు జరిగాయి, పూరి ఇళ్ళు పెంకుటిళ్ళయ్యాయి. నేడు మన పిల్లలు గల్ఫ్ దేశాల్లో, ఇంగ్లండులో, అమెరికాలో కూడా పనిచేస్తున్నారు.

జీతం తెచ్చే చేతులుగా వారిని గౌరవించాం. సలహా చెప్పే పెద్దలుగా ఇంకా గుర్తించలేదు.

ఈ లోపం మనదొక్కరిదే కాదు. అమెరికాలో కూడా ఆసుపత్రి బోర్డుల్లో డాక్టర్లకంటే నర్సులు చాలా తక్కువగా ఉన్నారని గమనించి, 2014లో అక్కడి నర్సుల సంఘాలు ఏకమయ్యాయి. పదివేలమంది నర్సులు బోర్డుల్లో కూర్చోవాలని గురి పెట్టుకున్నాయి. ఆసుపత్రుల బోర్డులే కాదు, బడుల కమిటీలు, ఊరి సేవా సంఘాలు కూడా ఆ గురిలో ఉన్నాయి.

తలుపులు ఎక్కడున్నాయి?

మన ఊళ్ళలోనూ తలుపులు ఉన్నాయి. 1992లో జరిగిన 73వ రాజ్యాంగ సవరణ పంచాయతీలలో మూడింట ఒక వంతుకు తక్కువ కాకుండా స్థానాలు స్త్రీలకు కేటాయించింది. 2005లో మొదలైన గ్రామీణ ఆరోగ్య మిషన్ కింద గ్రామ ఆరోగ్య కమిటీలు ఏర్పడ్డాయి. పంచాయతీ సభ్యులు, ఏఎన్‌ఎం, ఆశా కార్యకర్త, అంగన్‌వాడీ టీచరు కలిసి కూర్చుని, మురుగునీరు, దోమలు, తాగునీరు, గర్భిణుల ఆరోగ్యం గురించి ఆలోచించాలన్నది వాటి ఉద్దేశం. ఖర్చుకు ఏటా కొంత సొమ్ము కూడా ఇచ్చే ఏర్పాటు చేశారు. కాని సంతకాలకే పరిమితమైన కమిటీ వల్ల ఒక్క దోమ కూడా చావదు. రిటైరై ఊరికి వచ్చిన నర్సు ఒకరు ఆ సమావేశానికి వెళ్ళి, "పోయిన నెల ఎంతమంది పిల్లలకు టీకాలు తప్పాయి? ఏ వీధివారు?" అని అడిగితే చాలు, సమావేశం తీరే మారిపోతుంది.

వాక్యం ఏమి నేర్పుతుంది?

నిర్గమకాండములో షిఫ్రా, పూయా అనే మంత్రసానులు ఉన్నారు. వారు ఫరో ఆజ్ఞకంటే దేవుని భయాన్ని ఎక్కువగా ఎంచి మగబిడ్డలను బ్రతికించారు. కాన్పుల గదిలో పనిచేసేవారు రాజు ఎదుట నిలబడి జవాబు చెప్పవలసి వచ్చింది, చెప్పారు కూడా. సంఖ్యాకాండములో సెలోపెహాదు కుమార్తెలు ఐదుగురు మోషే ఎదుట, పెద్దల ఎదుట నిలిచి తమ మాట వినిపించారు. వారు చెప్పినది న్యాయమేనని ప్రభువు మోషేతో అన్నాడు. రోమా పత్రిక చివరి అధ్యాయములో, కెంక్రేయ సంఘ పరిచారకురాలైన ఫీబేను చేర్చుకొని, ఆమెకు కావలసిన సహాయం చేయమని పౌలు విశ్వాసులను కోరాడు. పరిచర్య చేసే స్త్రీకి సంఘం అండగా నిలవాలన్నది అపొస్తలుని కోరిక.

మనం చేయగలిగినవి

సంఘ పెద్దలారా, ఈసారి కమిటీ ఎన్నికలప్పుడు మీ సంఘంలోని నర్సుల పేర్లు కూడా తలచుకోండి. డ్యూటీ వేళలు చూసి సమావేశం పెట్టండి. పిలిచి మూలన కూర్చోబెట్టకండి, లెక్కల పుస్తకం చేతికివ్వండి.

అన్నలారా, మీ ఇంట్లో నర్సు ఉంటే ఆమె సమావేశానికి వెళ్ళే సాయంత్రం వంట సంగతి మీరు చూసుకోండి. చాలామంది వెనుకాడేది తెలివి లేక కాదు, తీరిక లేకే.

సిస్టర్లారా, "మాకేం తెలుసు" అనకండి. మీకు తెలిసినది ఆ బల్ల చుట్టూ కూర్చున్న ఎవరికీ తెలియదు. మీరు చూసినవి తేదీలతో, అంకెలతో ఒక నోటు పుస్తకంలో వ్రాసుకొని వెళ్ళండి. ఒక్కటే విషయం అడగండి, అయ్యేవరకు అడగండి.

ఆనాడు మా సిస్టరమ్మ వెళ్ళబోతూ గుమ్మం దగ్గర ఆగి చెప్పింది. ఆమెలాంటివారు ఇకమీదట గుమ్మం దగ్గర కాదు, బల్ల దగ్గర కూర్చుని చెప్పే రోజు మన సంఘాలలో ముందుగా రావాలి. ప్రభువు అందుకు మనకు వినే మనస్సు దయచేయునుగాక.