గేటు ఒక్కటే, గదులు వేరు

నల్లజాతి, తెల్లజాతి పిల్లలకు వేర్వేరు ప్రభుత్వ బడులు నడపడం రాజ్యాంగ విరుద్ధమని అమెరికా సుప్రీంకోర్టు 1954 మే 17న ఏకగ్రీవంగా తేల్చింది. బ్రౌన్ కేసుగా పేరుపడిన ఆ తీర్పుకు డెబ్బై ఏళ్లు దాటినా, అన్ని జాతుల పిల్లలూ కలిసి చదివే బడుల మీద అపోహలు పోలేదు. న్యూజెర్సీలోనో డాలస్‌లోనో స్కూలు రేటింగు చూసి ఇల్లు కొనే మన తెలుగువాళ్ల నోటా అవి వినిపిస్తుంటాయి.

అపోహ: కోర్టు చెప్పగానే బడులు కలిసిపోయాయి.

వాస్తవం: పదేళ్లు గడిచాక కూడా దక్షిణాది రాష్ట్రాల్లో తెల్లపిల్లలతో కలిసి చదివే నల్లజాతి పిల్లలు నూటికి ముగ్గురు లేరు. వర్జీనియాలోని ప్రిన్స్ ఎడ్వర్డ్ కౌంటీ అయితే, పిల్లల్ని కలపాల్సి వస్తుందని 1959 నుంచి ఐదేళ్లు ప్రభుత్వ బడులనే మూసేసింది.

అపోహ: బడులు కలిపే ప్రయత్నం విఫలమైంది. తెల్లపిల్లల చదువు కూడా దెబ్బతింది.

వాస్తవం: 1974లో బోస్టన్‌లో, బడులు కలపడానికి నల్లజాతి పిల్లల్ని తీసుకెళ్లే బస్సుల మీద రాళ్లు పడ్డాయి. జనానికి అదే గుర్తుండిపోయింది. కానీ బర్క్లీ విశ్వవిద్యాలయ ఆర్థికవేత్త రకర్ జాన్సన్, బడులు కలిసిన తరం పిల్లలు పెద్దయ్యాక ఎలా ఉన్నారో పరిశీలించారు. కలిసి చదివిన నల్లజాతి పిల్లలు ఎక్కువ ఏళ్లు చదివారు, ఎక్కువ సంపాదించారు, వారి ఆరోగ్యమూ మెరుగ్గా ఉంది. తెల్లపిల్లలకు నష్టమేమీ కనిపించలేదు. బడికి డబ్బు పెరగడం, తరగతిలో పిల్లల సంఖ్య తగ్గడం నల్లజాతి పిల్లల మెరుగుదలకు ముఖ్య కారణాలు. తెల్లపిల్లల పక్కన కూర్చుంటేనే నల్లపిల్లలకు చదువొస్తుందన్న మాట తప్పు మాత్రమే కాదు, అవమానం కూడా.

అపోహ: ఒకే బడిలో చేర్పిస్తే చాలు, మిగతాది దానంతటదే సర్దుకుంటుంది.

వాస్తవం: అసలు పని అక్కడే మొదలవుతుంది. బడులు కలిపే క్రమంలో 1954–65 మధ్య 17 రాష్ట్రాల్లో 38 వేలకు పైగా నల్లజాతి టీచర్లు, ప్రిన్సిపాళ్లు ఉద్యోగాలు కోల్పోయారు. పిల్లలు కొత్త బడికి వచ్చారు. తమను ఎరిగిన గురువులు మాత్రం అక్కడ లేరు. ఆ లోటు ఇప్పటికీ పూడలేదని నా అభిప్రాయం. 2017–18లో ప్రభుత్వ బడుల్లో నల్లజాతి విద్యార్థులు 15 శాతమే అయినా, బడికి రాకుండా సస్పెండైన వారిలో మాత్రం 38 శాతం వాళ్లే.

ఆస్టిన్‌లో 1971లో బడులు కలిపాక గొడవలు రేగినప్పుడు మనస్తత్వవేత్త ఎలియట్ ఆరన్సన్ పాఠం చెప్పే తీరునే మార్చారు. పాఠాన్ని ముక్కలు చేసి జట్టులో ఒక్కొక్కరికి ఒక్కో ముక్క ఇచ్చారు. ఎవరి ముక్క వాళ్లు మిగతావారికి నేర్పాలి, పరీక్ష మాత్రం మొత్తం పాఠం మీద. తడబడుతూ చెప్పేవాణ్ణి వెక్కిరిస్తే నష్టం తమకేనని పిల్లలకు త్వరగానే అర్థమైంది. నల్లజాతి, మెక్సికన్ మూలాలున్న పిల్లల మార్కులు పెరిగాయి, తెల్లపిల్లలవి తగ్గలేదు.

అపోహ: అందరినీ ఒకే తరగతిలో కూర్చోబెడితే చురుకైన పిల్లలు వెనకబడతారు.

వాస్తవం: మన తల్లిదండ్రుల్ని ఎక్కువగా భయపెట్టేది ఇదే. దీనివల్లే చాలా బడుల్లో గేటు ఒక్కటైనా, పై స్థాయి పాఠాల ఆనర్స్ గదిలో ఒక రంగు, మామూలు గదిలో ఇంకో రంగు కనిపిస్తాయి. న్యూయార్క్ దగ్గరి రాక్‌విల్ సెంటర్‌లో ఈ విభజనను అంచెలంచెలుగా ఎత్తేశారు. పై స్థాయి లెక్కలు అందరికీ చెప్పారు, తడబడే వారికి అదనపు క్లాసులు పెట్టారు. చురుకైన పిల్లల మార్కులు పడిపోలేదు. బడి ముగించిన నల్లజాతి, హిస్పానిక్ విద్యార్థుల్లో రాష్ట్ర స్థాయి రీజెంట్స్ డిప్లొమా అందుకున్నవారు 2000లో 32 శాతం, 2003కల్లా 82 శాతం.

అందుకే స్కూలు చూడటానికి వెళ్లినప్పుడు రేటింగుతో ఆగకండి. ఏపీ (అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్) క్లాసుల్లో ఏయే పిల్లలున్నారు, వాటిలో చేర్చుకోవాలో వద్దో ఏ తరగతిలో, ఎవరు తేలుస్తారు, వెనకబడినవారికి అదనపు సాయం బడి వేళల్లోనే అందుతుందా అని ప్రిన్సిపాల్‌ను అడగండి.