యంత్రములలో బోల్టులు సడలకుండ కాపాడుకొనుట

1955 డిసెంబరు 10వ తేదీన నందికొండ వద్ద పండిత నెహ్రూ నాగార్జునసాగర్ ఆనకట్టకు శంకుస్థాపన చేసిరి. 1967 ఆగస్టు 4వ తేదీన శ్రీమతి ఇందిరాగాంధి కాలువలకు నీరు వదలిరి. ఎడమ కాలువ నీటితో మిర్యాలగూడ, కోదాడ ప్రాంతములలో వరి సాగు విస్తరించినది. వరి వెంట యంత్రములును వచ్చినవి. మిర్యాలగూడ రైసు మిల్లులకు పేరుపొందినది. పొలములలో పంపుసెట్లు, ట్రాక్టర్లు, కోత యంత్రములు పనిచేయుచున్నవి. సూర్యాపేట, కోదాడల మీదుగా సాగు హైదరాబాదు–విజయవాడ రహదారిపై లారీలు రేయింబవళ్లు నడచుచున్నవి.

ఈ యంత్రము లన్నింటిని కూర్చి నిలుపునవి చిన్న బోల్టులు, నట్టులు, స్క్రూలు. కోతల కాలమున ఒక్క బోల్టు ఊడిపోయినచో యంత్రము ఆగును. కళ్లములోని ధాన్యము వానపాలు కావచ్చును. తిరుగుచున్న భాగము నుండి ఊడిన ఇనుపముక్క మనిషి ప్రాణమునకే ముప్పు తేవచ్చును. కావున బోల్టు ఎందువలన సడలునో, దానిని ఎట్లు నివారింపవలెనో ప్రతి రైతును తెలిసికొనుట అవసరము.

సడలుటకు కారణము

నట్టును బిగించినప్పుడు బోల్టు వెంట్రుకవాసి సాగును. సాగిన బోల్టు మరల కుదించుకొనవలెనని లాగుచుండును. ఆ లాగుడే రెండు రేకులను అదిమి పట్టుచున్నది. ఆ ఒత్తిడి ఉన్నంతవరకు మరల నడుమ రాపిడి నట్టును తిరుగనీయదు.

మర యనగా కడ్డీకి చుట్టిన ఏటవాలు. ఏటవాలు బల్లమీద ధాన్యపు బస్తా రాపిడిచే నిలిచియుండును. బల్లను అటునిటు కుదిపినచో బస్తా కొంచెము కొంచెముగా క్రిందికి జారును. నట్టు సడలుటయు ఇట్టిదే. నిలువుగా తగులు కుదుపుకంటె అడ్డముగా తగులు కుదుపే నట్టును ఎక్కువగా త్రిప్పివేయునని జర్మను ఇంజనీరు గెర్హార్డ్ యుంకర్ 1969లో ప్రయోగపూర్వకముగా నిరూపించెను. మిల్లులో ముందువెనుకలకు ఆడు జల్లెడ బోల్టులు తరచుగా సడలుటకు కారణ మిదియే.

నట్టు తిరుగకయే బిగువు తగ్గుటయు కలదు. వరిగడ్డి బండికి పగ్గము ఎంత గట్టిగా కట్టినను, బండి కొంత దూరము నడచినంతనే గడ్డి అణగి పగ్గము వదులగును; ముడి మాత్రము విడదు. అట్లే బోల్టు క్రింద రంగు, త్రుప్పు, దుమ్ము ఉన్నచో అవి నలిగిన పిదప బిగువు తగ్గిపోవును.

పెద్ద గుండును పేల్చు రివాల్వరులో ఈ సంగతి స్పష్టముగా కాననగును. పేల్చిన ప్రతిసారి వెనుకకు తన్నుటచే దాని చిన్న స్క్రూలు సడలును. అందు సాధారణముగా పట్టునవి ఆరు గుండ్లు. నిమిషమునకు 1,500 చుట్లు తిరుగు ఒంటి సిలిండరు డీజిలు ఇంజనులో నిమిషమునకు 750 సార్లు, గంటకు 45,000 సార్లు ప్రేలుడు జరుగును. దాని బోల్టులకు ఎంత శ్రద్ధ కావలెనో ఊహింపవచ్చును.

బిగించు పద్ధతి

మొదట మరలను, రేకులను శుభ్రపరుపవలెను. అరిగిన బోల్టును పారవేసి క్రొత్తది వేయవలెను. సరియైన కొలత గల పానాను వాడవలెను. పానాకు గొట్టము తొడిగి బలమంతయు చూపరాదు. మితిమీరి సాగిన బోల్టు తన లాగు గుణమును కోల్పోవును, లేదా తెగును. యంత్రముతో వచ్చిన పుస్తకములో బిగింపు కొలత ఉన్నచో దానినే పాటింపవలెను.

చక్రమునకు వలె పెక్కు నట్టులున్నచోట ఎదురెదురు నట్టులను, రెండు మూడు విడతలుగా బిగింపవలెను. క్రొత్త యంత్రమునకును, మరమ్మతు చేసినదానికిని కొన్ని గంటలు పని జరిగిన పిదప మరియొక పర్యాయము బిగింపు చూడవలెను. చక్రము మార్చినప్పుడును ఇంతే.

బిగించిన తరువాత నట్టుమీదుగా రేకువరకు రంగుతో ఒక గీత గీయుడు. నట్టు తిరిగినచో గీత రెండుగా విరిగి కన్పించును. ప్రతి ఉదయము ఒక్క చూపుతో తెలియును.

సడలకుండ చేయు సాధనములు

స్ప్రింగు వాషరు ఉన్నచో భయము లేదని పెక్కుమంది తలంతురు. అడ్డపు కుదుపు గల చోట దాని మేలు స్వల్పము. రెండు నట్టులు వేయునప్పుడు పలుచనిదానిని ముందు వేసి, దానిని పానాతో కదలకుండ పట్టుకొని, మందపు నట్టును పైన గట్టిగా బిగింపవలెను. లోపల నైలాను వలయము గల నట్టు మంచిదే గాని, మిక్కిలి వేడెక్కు చోట పనికిరాదు. గాడులున్న నట్టుకు స్ప్లిట్ పిన్ను వేసినచో బిగువు తగ్గినను నట్టు ఊడి పడదు.

మరలను అతికించు ద్రవమును 1953లో అమెరికా ఆచార్యుడు వెర్నన్ క్రీబుల్ రూపొందించెను. లాక్‌టైట్ అను పేరు దానిదే. గాలి సోకని చోట, లోహముల నడుమ అది గట్టిపడును. నూనె జిడ్డు పూర్తిగా తుడిచి ఒకటి రెండు చుక్కలు వేసి, ఒక దినము విడువవలెను. నీలి రంగుది పానాతో మరల విప్పవచ్చును. రివాల్వరు చిన్న స్క్రూలకును ఇదియే తగినది. ఎర్రనిది విప్పుటకు వేడి చేయవలసి యుండును. కరెంటు తీగలు కలియు స్క్రూలకు దీనిని వాడరాదు.

జాగ్రత్తలు

యంత్రము తిరుగుచుండగా పానా పట్టరాదు. ఇంజనును ఆపి, తాళపుచెవిని తీసి జేబులో ఉంచుకొనవలెను. మోటారైనచో మెయిను స్విచ్చి తీసివేసి, ఇతరులు వేయకుండ కట్టడి చేయవలెను. స్టార్టరులో తీగ స్క్రూ సడలినచో అచ్చట వేడి పుట్టి మోటారు కాలిపోవచ్చును. దానిని తెలిసిన ఎలక్ట్రీషియనుచేతనే బిగింపించుడు.

ఒకే బోల్టు మాటిమాటికి సడలుచున్నచో బోల్టును నిందింపరాదు. పునాది కదలినదా, పుల్లీలు వరుస తప్పినవా, బేరింగు అరిగినదా యని చూడవలెను. కుదుపు మూలము తొలగనిదే బోల్టు నిలువదు.

రైతు సోదరులు కోతలు రాకపూర్వమే తమ యంత్రములను ఒక్కసారి ఈ విధముగా పరీక్షించుకొందురుగాక. దినమునకు పది నిమిషముల ఈ శ్రమ పంటను, యంత్రమును, పనివాని చేతివ్రేళ్లను కూడ కాపాడును.